పద్నాలుగు గువ్వలు

మిల్లు గేటుకు తాళం పడిన పదకొండో రోజున మా అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. కష్టాలకు వరసలో రావడం ఎవరూ నేర్పలేదు కాబట్టి రెండూ ఒకేసారి మా ఇంటి మీద పడ్డాయి.

మిల్లంటే నూలు మిల్లు. మా ఆయన అందులో కండెలకు దారం చుట్టే విభాగంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. యజమానికీ యూనియనుకూ మాటా మాటా పెరిగి, చివరికి యజమాని గేటు మూసేసి ఎటో వెళ్లిపోయాడు. ఎండలు అప్పుడే మొదలవుతున్నాయి. ఇంట్లో నా కుట్టుమిషను ఒక్కటే నడుస్తోంది. బడి పిల్లల యూనిఫారాలు, దిండు గలీబులు, ఎవరో ఒకరి ప్యాంటు అంచులు, ఏది వస్తే అది కుట్టేదాన్ని.

అత్తయ్యకు తుంటి ఎముక విరిగింది. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"ఎముక సంగతి నేను చూశానమ్మా. కండ సంగతి మీరు చూసుకోవాలి. మనిషి బాగా చిక్కిపోయింది. మాంసమో గుడ్లో పాలో, గట్టి తిండి పడాలి. రెండు నెలల్లో లేచి నిలబడకపోతే ఇక ఆవిడకు మంచమే."

పక్కకు పిలిచి ఏం లాభం, అత్తయ్య అంతా వినేసింది. ఆవిడ ఆసుపత్రుల్లో ఆయాగా ముప్పై ఏళ్లు చేసింది. మంచాన పడ్డ మనుషుల్ని లేపి కూర్చోబెట్టి, తుడిచి, పక్క మార్చి, చివరకు దుప్పటి కప్పిన చేతులవి. మంచమే అన్న మాటకు అర్థం ఆవిడకు తెలిసినంతగా ఆ కుర్ర డాక్టరుకు కూడా తెలియదు.

"ఏమే, నన్ను మంచంలో పెట్టుకుని సేవ చేసి మంచి కోడలివనిపించుకుందామనుకుంటున్నావేమో. ఆ ముచ్చట తీరదు నీకు" అంది, రిక్షా ఎక్కిస్తుంటే. అలా అంటూనే నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, సాయంత్రానికి అక్కడ కమిలిపోయింది. అన్నేళ్లలో ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదలు.

మాది పాత మేడలో కింది వాటా. పై అంతస్తులో డాబాకు ఆనుకుని ఉన్న ఒంటి గదిలో లెక్కల టీచరు ఉండేది. రిటైరై ఆరేళ్లయింది, నా అన్నవాళ్లు లేరు. పొద్దున్నే డాబా మీద గింజలు చల్లేది. గువ్వలు వచ్చి వాలేవి. అవి తింటున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని వాటి లెక్క చూసేది. బడి పోయినా హాజరు పట్టీ పోలేదని మేమంతా నవ్వుకునేవాళ్లం.

అత్తయ్య సంగతి తెలిసి టీచరుగారు రోజూ గ్లాసుడు పాలు పంపుతానంది. మొదటి రోజు పాలు తనే పట్టుకుని కిందికి దిగింది కూడా. మా ఆయన గుమ్మంలోనే చేతులు జోడించి, "మాకున్నాయండీ, మీకెందుకు శ్రమ" అన్నాడు. మాకు లేవు. ఆయన మొహమాటం ఆయనది. యూనియన్ వాళ్లు పంచిన బియ్యం తెచ్చుకోవడానికి కూడా వరసలో నిలబడలేక తిరిగొచ్చిన మనిషి. టీచరుగారు ఒకసారి నా వంక చూసి, గ్లాసు మీద మూత సరిచేసుకుని మెట్లెక్కింది. నాకు ఆ పాల గ్లాసు వెనకాలే పరుగెత్తాలనిపించింది.

తర్వాత నాలుగు రోజులకు అనుకుంటాను, పొద్దున ఏడింటికి మా ఆయన గుడ్డ సంచితో వచ్చాడు. వంటగది తలుపు ఓరగా వేసి సంచి నా ముందు పెట్టాడు. లోపల రెండు గువ్వలు. చచ్చిపోయాయి గానీ ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"ఎక్కడివండీ ఇవి?"

"ఊరి బయట మురుగు కాలవ చెరువులో కలిసే చోట బోలెడు వాలుతున్నాయి. వల వేశాను."

"వల ఎక్కడిది?"

"దారం ఉంది, చేతులున్నాయి, పని లేదు. వలకు ఇంకేం కావాలి?"

మిల్లులో తెగిన దారం పట్టున కట్టడంలో ఆయనకు పేరుంది. యంత్రం తిరుగుతుండగానే రెండు కొసలూ వేళ్ల మధ్య కలిపి, రెప్ప వేసేలోగా ముడి వేసి, కొసలు గోటితో తెంపేస్తాడు. ఆవగింజంత ముడి. ఎంత లాగినా జారదు. తోటివాళ్లు ఆయన్ని ముడిగాడనే పిలిచేవారు. పని పోయాక ఆ వేళ్లు ఊరికే ఉండలేక మంచం నవారుకు కూడా ముడులు వేసేవి.

"అడవి పిట్టల్ని పట్టడం నేరమట కదండీ" అన్నాను.

"అమ్మని మంచాన పడెయ్యడం నేరం కాదా?"

ఈకలు పీకి, కడిగి, సూపు కాచాను. ఆయన మరీ కసాయివాడు కాదు. మెడ దగ్గర ఒక్క నొక్కుతో పని అయిపోతుందనీ, వాటికి తెలియను కూడా తెలియదనీ, రెండు దొరికితే వల ముడిచేస్తాననీ, మూడోది పడినా వదిలేస్తాననీ చెప్పాడు. అడగకుండానే చెప్పాడు. అంటే తనకు తనే చెప్పుకుంటున్నాడని నాకు అర్థమైంది.

అత్తయ్య గిన్నె ఖాళీ చేసి మూతి తుడుచుకుంది.

"కోడి ఇంత సన్నబడిందేమిటే, దీనికి కూడా మిల్లు మూసేశారా?"

"కోడి కాదమ్మా, కంజు పిట్టలు. మా మిల్లు స్నేహితుడు ఒకడు ఊరినించి తెచ్చిచ్చాడు" అన్నాడు మా ఆయన గోడ వైపు చూస్తూ.

"మంచివాడు. ఎప్పుడైనా ఇంటికి పిలు, నాలుగు మాటలు మాట్లాడతాను."

అలా వారానికి రెండు చొప్పున సాగింది. ఈకల్ని కుట్టు ముక్కల సంచిలో అడుగున దాచి, ఎవరూ చూడకుండా పారేసేదాన్ని. అయినా ఎక్కడినుంచో ఒక చిన్న ఈక వచ్చి ఎవరి యూనిఫారానికో అంటుకునేది. బట్టలు మడతపెట్టేటప్పుడు రెండు వైపులా తిప్పి చూసుకోవడం అలవాటైంది. చేస్తున్నది తప్పని నేను అప్పుడు అనుకోలేదు. ఆ చెరువు దగ్గర పిట్టలు బోలెడున్నాయన్నాడు, రెండు పోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

నాలుగో వారంలో అత్తయ్య లేచి నిలబడింది. నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి, మొహమంతా చెమట. "కూర్చోండి అత్తయ్యా" అని నేను కంగారు పడుతుంటే, "నోర్ముయ్యి, ఇరవై లెక్కపెట్టు" అంది. నేను ఇరవై లెక్కపెట్టాను. ఇరవై ఒకటి కూడా చెప్పించింది. ఆ పూట మా ఆయన వంటగదిలోకి వెళ్లి, కుండలో నీళ్లు తాగుతున్నట్టు అటు తిరిగి ఏడ్చాడు. నాకు సంతోషంతో ఏం చెయ్యాలో తోచక గలీబులన్నీ తలకిందులుగా కుట్టాను.

ఆ సంతోషం పంచుకుందామనే పైకి వెళ్లాను. టీచరుగారు డాబా మీద కుర్చీలో కూర్చుని ఉంది. నేను చెప్పింది విని, మనసారా సంతోషించింది. తర్వాత డాబా మీద తింటున్న గువ్వల్ని చూపించింది.

"ఎండలకు ముందు ఇరవై ఆరు వచ్చేవమ్మాయ్. ఇవాళ పద్దెనిమిది. ఏమైపోతున్నాయో అర్థం కావడంలేదు."

"పిల్లి అయ్యుంటుందండీ. మా వాటా గోడ మీద నల్లది ఒకటి తిరుగుతోంది" అన్నాను. నిజంగా అలాగే అనుకుని అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే నా నాలుక నాకే బరువనిపిస్తుంది.

"పిల్లయితే ఈకలైనా ఉంటాయి కదా" అంది ఆవిడ.

ఇంకో మూడు వారాలు గడిచాయి. అత్తయ్య వాకరు పట్టుకుని వాకిలి దాకా వెళ్లి, వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించి వస్తోంది. అప్పుడు ఒక ఉదయం టీచరుగారు తువ్వాలులో ఏదో పట్టుకుని మా వాటాకు వచ్చింది. మా ఆయన యూనియన్ మీటింగుకు వెళ్లాడు. అత్తయ్య లోపలి గదిలో పడుకుని ఉంది.

"అమ్మాయ్, నీ సన్న కత్తెర ఒకసారి కావాలి. నా చేతులు వణుకుతున్నాయి, నువ్వే చెయ్యాలి."

తువ్వాలు విప్పితే గువ్వ. కళ్లు తెరిచే ఉంది, గుండె మాత్రం తువ్వాలులోంచి కనిపించేంతగా కొట్టుకుంటోంది. ఒక కాలి వేళ్లన్నీ దగ్గరికి లాక్కుపోయి, నల్లబడి, వాచి ఉన్నాయి. వాటి చుట్టూ దారం.

"పది రోజులుగా కుంటుతూ వస్తోంది. ఇవాళ ఎగరలేక దొరికింది."

టీచరుగారు పట్టుకుంది. నేను కిటికీ దగ్గరికి జరిగి, కత్తెర మొన దారం కిందికి దూర్చబోయాను. దారం చర్మంలోకి దిగిపోయింది. చేపల వల దారమైతే లావుగా ఉంటుంది, ఇంతలా కొయ్యదు. ఇది రెండు పేటల నూలు. వెలుగులో దగ్గరగా చూశాను. ఆవగింజంత ముడి, కొసలు రెండూ సమంగా గోటితో తెంపినట్టున్నాయి.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది? తెగడం లేదా?"

"తెగుతుందండీ."

ఎలాగో తెంపాను. ఒక్కొక్క చుట్టూ విప్పుతుంటే ఒక వేలు దారంతో పాటే ఊడివచ్చింది. రక్తం కూడా రాలేదు, అంతగా ఎండిపోయింది. టీచరుగారు పిట్టను తువ్వాలులో కప్పి, నేను బల్ల మీద పెట్టిన దారం ముక్కను చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు పైకి జరిపి చూసింది. నా బల్ల మీద మిల్లు దారం కండెలు వరసగా ఉన్నాయి, వాటినీ చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. నేను మొహం దాచుకోలేకపోయాను.

"ఇది ఊరి బయట చెరువు దగ్గరనుకున్నానండీ" అన్నాను. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేసరికి అంతా చెప్పేసినట్టయింది.

"పక్కనున్న గోదాము కప్పు మీద" అంది టీచరుగారు. "నా దగ్గర తిన్నాక అక్కడికే వెళ్లి ఎండలో కూర్చుంటాయి."

"మా అత్తయ్య కోసం..."

"తెలుసు."

"మీరు... మీరు మాంసం తినరా అండీ?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. మునిగిపోయేవాళ్లు ఏదో ఒకటి పట్టుకుంటారు కదా.

"తింటానమ్మా. కోడిని కొనుక్కుని తింటాను. దాన్ని రోజూ రమ్మని పిలిచి నమ్మించలేదు." దారం ముక్కను బల్ల మీద పెట్టేసింది. "మీ ఆయన తప్పని నేననడంలేదు. నేను పిలవకపోతే అవి ఇంత దగ్గరికి వచ్చేవి కావు. ఆ సంగతి చూసుకోవాలి నేను."

గువ్వను గుండెకు ఆనించుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతూ వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండును. మా ఆయన ఆవిడ ఇచ్చిన పాలు వద్దన్నాడు, ఆవిడ పెంచిన పిట్టల్ని మాత్రం పట్టుకొచ్చాడు. ఆ మాట ఆవిడ అనలేదు గానీ, మధ్యాహ్నం ఆయన రాగానే నేను అనేశాను.

"చెరువు దగ్గరన్నారు కదా!"

"చెరువు దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. ఒక్కటీ పడలేదు. అక్కడివి మనిషి నీడ పడితే లేచిపోతాయి."

"ఇవి లేచిపోవు. ఎందుకు లేచిపోవో తెలిసే కదా గోదాము ఎక్కారు?"

ఆయన చొక్కా విప్పబోయి ఆగాడు. "అవేమన్నా ఆవిడ సొంతమా? గాలిలో తిరిగే పిట్టలు. కొట్లో వేలాడదీసిన కోడిని కొంటే ఎవరూ ఏమీ అనరు. దాని బతుకు బోనులో ఎలా గడిచిందో ఎవరూ అడగరు. ఇవి చచ్చే దాకా హాయిగా బతికాయి. నా చేతిలో కూడా బాధపడలేదు."

"మీ చేతిలో పడినవి బాధపడలేదు. తప్పించుకున్న వాటి సంగతేమిటి?"

దారం ముక్కను ఆయన ముందు పెట్టాను. దానికి అంటుకుని వేలు ఇంకా అలాగే ఉంది. తన ముడిని చూసుకుని గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం పట్టలేదు. మూడోది పడితే వదిలేస్తానన్నాడే, అవి అలా వదిలినవో, తమంతట తామే పెనుగులాడి దారం తెంపుకుని పోయినవో. మిల్లులో జారనిది మంచి ముడి. ఆయన పద్దెనిమిదేళ్లుగా మంచి ముడులే వేశాడు, వలకు కూడా అదే వేశాడు.

"నాకు తోచలేదే" అన్నాడు చివరికి. "ఈ సంగతి నిజంగా తోచలేదు."

మర్నాడు పొద్దున వల తీసేయడానికి గోదాము కప్పు ఎక్కాడు. వల చుట్టి చంకలో పెట్టుకుని దిగి వచ్చాడు.

"ఆవిడ గింజలు వెయ్యలేదే ఇవాళ. తలుపు వేసుకుని ఉంది. అవన్నీ వచ్చి పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాయి. ఆ తలుపు వంకే చూస్తున్నాయి."

"వెళ్లి చెప్పండి, వల తీసేశానని."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

రెండో రోజు కూడా తలుపు తెరుచుకోలేదు. కింద ఉన్న నాకు వాటి కూత వినపడుతూనే ఉంది. మిషను జోరుగా తొక్కాను, అయినా వినపడింది. ఆవిడ ఆ తలుపుకు అటువైపు కూర్చుని వింటూనే ఉందని తెలుసు. పొద్దున లేస్తే ఆవిడకు పలకరించే ప్రాణం అవే, వాటిని బతికించడానికి వాటినే వద్దనుకుంటోంది. మా ఆయన గడపలో కూర్చున్నాడు. నేనేదో అంటున్నాను, ఆయనేదో అంటున్నాడు. ఇద్దరి గొంతులూ పెద్దవయ్యాయి.

"ఇక ఆపండి మీ గొడవ" అని లోపలినుంచి అత్తయ్య కేక వేసింది. "మొన్నటినుంచీ వింటున్నాను. తుంటి విరిగింది గానీ చెవులు బాగానే ఉన్నాయి. ఒరే, నేను తిన్నవి టీచరమ్మ పిట్టలా?"

మా ఆయన తల దించుకున్నాడు.

"నా చెప్పులు తేవే."

"అత్తయ్యా, మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు."

"డాక్టరు రెండు నెలల్లో నిలబడమన్నాడు, నిలబడ్డాను. ఇక ఆయన మాట చాలు."

మా ఆయన ఎత్తుకుంటానని వస్తే చెయ్యి విదిలించింది. "నువ్వు ముట్టుకోకు. నువ్వు ఎత్తుకుని తీసుకెళితే వెళ్లినట్టా?" ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నా భుజం మీద. ముప్పై ఎనిమిది మెట్లు. పదో మెట్టు దగ్గర ఒకసారి, ఇరవై దాటాక రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. మెట్ల మలుపులో ఊపిరి తీసుకుంటూ, నువ్వు చిక్కిపోయావేమే, సూపంతా నాకే పోశావా అని నన్నే తిట్టింది. మా ఆయన రెండు మెట్ల కింద, చేతులు చాపుకుని వచ్చాడు.

తలుపు తట్టింది అత్తయ్యే. టీచరుగారు తెరిచి, ఎదురుగా ఎవరున్నారో చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. గదిలో మూలన అట్టపెట్టెలో ఆ కుంటి గువ్వ కూర్చుని ఉంది.

"టీచరమ్మా, నేను ఎన్ని తిన్నాను?"

టీచరుగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"లెక్క మీకు తెలియకుండా ఉండదు. చెప్పండి."

"పద్నాలుగు."

"పద్నాలుగు." అత్తయ్య తనలో తను ఇంకోసారి అనుకుంది. "ఈ కాళ్లలో ఉన్న కాస్త బలమూ వాటిదేనన్నమాట. నాకు తెలిసి ఉంటే తినకపోదును అని చెప్పను. అబద్ధం అవుతుంది. మంచమంటే నాకు భయం, బహుశా తినేదాన్నే. కానీ మిమ్మల్ని అడిగి తినేదాన్ని."

టీచరుగారు అత్తయ్య పాదాల వంక చూస్తోంది. వాచి, చెప్పుల పట్టీల్లోంచి బయటకు ఉబికిన పాదాలు. వణుకుతున్నాయి గానీ నిలబడే ఉన్నాయి.

"కూర్చోండి ముందు" అంది.

"కూర్చోనమ్మా. నిలబడగలనని మీకు చూపించడానికే వచ్చాను. ఊరికే పోలేదు అవి."

టీచరుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. తర్వాత ఆవిడే కుర్చీ లాక్కొచ్చి, అత్తయ్య భుజం పట్టుకుని నొక్కింది.

"చూశాను. ఇక కూర్చోండి."

మా ఆయన గుమ్మం బయటే ఉన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "వల తగలబెట్టేశానండీ" అన్నాడు. "రేపటినుంచి గింజలు వెయ్యండి. నా మీద నమ్మకం లేకపోతే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని వెయ్యండి."

"నమ్మకం లేక కాదు బాబూ. ఊళ్లో తల్లి మంచాన పడ్డవాడివి నువ్వొక్కడివేనా? రేపు ఇంకొకడు వస్తాడు, వాడికీ కారణం ఉంటుంది. అవి మనుషులంటే భయం మరిచిపోయాయి, ఆ భయం మళ్లీ నేర్చుకోవాలి." అట్టపెట్టె వైపు చూసింది. "దీన్ని మాత్రం ఉంచుకుంటాను. ఇది ఇక ఎటూ పోలేదు."

మిల్లు వానలు పడ్డాక తెరిచారు, మా ఆయన మళ్లీ దారం చుట్టడానికి వెళ్లాడు. ఇంట్లో మాంసం వండితే మాత్రం ముందు, "ఎక్కడిది?" అని అడిగేవాడు. అంతకుముందు ఎప్పుడూ అడిగిన మనిషి కాదు.

గువ్వలు ఇంకో వారం రోజులు వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాయి. రోజురోజుకూ తగ్గిపోయాయి. ఎనిమిదో రోజున ఒక్కటీ రాలేదు. ఆ పొద్దున అత్తయ్య తనంతట తనే చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని ముప్పై ఎనిమిది మెట్లూ ఎక్కింది. నేను వెనకాలే వెళ్లేసరికి టీచరుగారు ఖాళీ డాబా మీద రెండో కుర్చీ వేస్తోంది.